స్కేలు రాయని గ్రాఫు

జులై వచ్చిందంటే నాకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. ఒకటి గోదావరి ఒడ్డున ఉన్న మా చుట్టాల నుంచి, "నీళ్ళెంత వచ్చాయిరా" అని. రెండోది మీలాంటి శ్రోతల నుంచి, "సార్, చార్టయితే వచ్చింది, దాన్ని మనకి కావలసినట్టు మార్చుకోవడం ఎలా" అని. నా మటుకు ఈ రెండూ ఒకటే ఫోను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఈ వారం వచ్చిన సందేశాలన్నీ చదివాను. ఎక్కువమంది రంగుల గురించే అడిగారు. గీత కింద నీడలాగా రంగు ఎలా నింపాలి, బార్ల మూలలు గుండ్రంగా ఎలా చెయ్యాలి, చార్టు ఎగిరొచ్చి కూర్చున్నట్టు యానిమేషన్ ఎలా పెట్టాలి. వరంగల్ నుంచి ఒకమ్మాయి మాత్రం, "సార్, నా చార్టులో ఎడమ పక్క కింద ఉండే అంకె రోజుకోలాగా మారిపోతోంది, ఎందుకు" అని అడిగింది. అమ్మా, ఈరోజు ప్రసంగమంతా నీ ప్రశ్న మీదే. రంగులవాళ్ళు ఏమీ అనుకోవద్దు, టైముంటే చివర్లో చూద్దాం.

మనమంతా పదో తరగతిలో గ్రాఫు వేసినవాళ్ళమే. గళ్ళ కాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు. కుడివైపు పైమూల ఏం రాసేవాళ్ళం? స్కేలు. ఎక్స్ అక్షం మీద ఒక సెంటీమీటరు ఇన్ని యూనిట్లు, వై అక్షం మీద ఒక సెంటీమీటరు ఇన్ని యూనిట్లు. అది రాయకపోతే గీత ఎంత తీరుగా ఉన్నా మా లెక్కల మాస్టారు మార్కు కోసేసేవారు. "స్కేలు లేకపోతే అది గ్రాఫు కాదురా, ముగ్గు" అనేవారు. ఇప్పుడు వెబ్‌లో చార్టులు గీసే లైబ్రరీల్లో చార్ట్‌జేఎస్ తీసుకోండి, హైచార్ట్స్ తీసుకోండి, ఈచార్ట్స్, ప్లాట్లీ, ఏదైనా సరే, అంకెలు పడేస్తే గీత వచ్చేస్తుంది. స్కేలు రాసే పని మన చేతిలోంచి జారిపోయింది, జారిపోయిన సంగతి కూడా మనకి తెలీలేదు. స్కేలు లైబ్రరీ రాస్తోంది. ఏం రాసిందో మనం తిరిగి చూడం.

ఇక నా కథ. ఇది నేను చేసిన తప్పే, ఇంకెవరి మీదకీ నెట్టను.

2022 వరదకి ముందటేడు, ఒక చిన్న వార్తల సైటువాళ్ళు నన్ను పిలిచారు. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం గంట గంటకీ కనబడాలి, జనం ఫోన్లలో చూసుకోవాలి, వేలు పెడితే అంకె రావాలి, అంతే పని. ఇంత పనికి ఎంతసేపు? నేను చార్ట్‌జేఎస్ తీసుకున్నాను. లైన్ చార్టు, నీలం రంగు, కింద లేత నీలం నింపాను, నిజంగా నీళ్ళలాగే ఉంది. గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా పాక్కుంటూ వచ్చేది. నేనే పదిసార్లు రీఫ్రెష్ కొట్టి చూసుకుని మురిసిపోయాను. స్కేలు సంగతి తలుచుకున్నానా అంటే, లేదు.

మా మేనమామది కూనవరం వైపు. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. పైన భద్రాచలం దగ్గర ఎంత ఉందో తెలిస్తే కింద వీళ్ళు సర్దుకోవాలా వద్దా అని ఒక అంచనా వేసుకుంటారు. గోదావరి ఎగదన్నితే శబరి నీళ్ళు వెళ్ళడానికి దారి లేక వెనక్కి ఊళ్ళ మీదకి తిరుగుతాయి, అది వాళ్ళకి ప్రతి ఏడూ అనుభవమే. అల్లుడు చేసిన చార్టని గర్వంగా ఫోనులో పెట్టుకున్నాడు మామయ్య.

ఒక రాత్రి నీళ్ళు 18.2 అడుగుల నుంచి 18.9 అడుగులకి పెరిగాయి. లెక్క చూస్తే ఎనిమిది అంగుళాలకి కాస్త ఎక్కువ. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగుల దగ్గర ఇస్తారు. అంటే ఇంకా 24 అడుగులు పెరగాలి. భయపడాల్సిందేమీ లేదు. కానీ నా చార్టు ఏం చేసింది? లైబ్రరీ ఉన్న అంకెల్లో చిన్నది చూసుకుంది, 18.2. పెద్దది చూసుకుంది, 18.9. కింద 18.2 పెట్టింది, పైన 18.9 పెట్టింది. గీత చార్టు అడుగు నుంచి నెత్తి దాకా కొండెక్కినట్టు ఎక్కేసింది. కింద నేను నింపిన నీలం రంగు కూడా తోడై, ఫోను సగానికి పైగా నీళ్ళే.

తెల్లారుజామున ఫోను. "ఏరా అల్లుడూ, నిండిపోయిందంటగా! ట్రాక్టరు మాట్లాడేశాను. బియ్యం బస్తాలు, టీవీ, మంచాలు ఎక్కించేశాం. మేకల్ని గుట్ట మీదకి తోలేశాడు మీ బావ." నాకు నిద్రమత్తు వదలడానికే రెండు నిమిషాలు పట్టింది. "ఎంత ఉంది మామయ్యా?" అంటే, "ఎంతేంట్రా, పైదాకా వచ్చేసింది, నువ్వేగా గీసింది!" అన్నాడు. అంకె చూడలేదాయన. ఎందుకు చూస్తాడు? అంకె చూడక్కర్లేకుండా చూపుతోనే తెలియాలనే కదా మనం చార్టు గీసేది.

సామాను మళ్ళీ దింపుకున్నారు. ట్రాక్టరు కిరాయి నేనే పంపించాను.

మీరు భద్రాచలం వెళ్ళి చూడండి, నీటి మట్టం కొలిచే గేజి మీద అడుగులు రంగుతో రాసి ఉంటాయి. నీళ్ళు ఎక్కువైతే ఆ గేజి సాగదు, తక్కువైతే కుంగదు. అది అక్కడే నిలబడి ఉంటుంది, నీళ్ళే ఎక్కుతాయి, దిగుతాయి. మన లైబ్రరీ చేసే పని ఏంటంటే, నీళ్ళని బట్టి గేజినే సాగదీస్తుంది. అందుకే చెప్తున్నాను, యాక్సిస్‌ని లైబ్రరీకి వదిలేయకండి.

వెంటనే కొందరు అంటారు, "ఓస్, ఇంతేనా, బిగిన్ ఎట్ జీరో అని పెట్టేస్తే సరి." సరి కాదు. బార్ చార్టుకి సరే. బారు పొడవే దాని విలువ, కింద కోసేస్తే అబద్ధం చెప్పినట్టే. చార్ట్‌జేఎస్ మూడో వెర్షన్ నుంచి బార్లకి సున్నా తనే పెడుతుంది కూడా. లైనుకి పెట్టదు. కానీ అన్ని చోట్లా సున్నా పనికిరాదు. శ్రీశైలం సంగతే చూడండి. పూర్తి మట్టం 885 అడుగులు. ఆ 885 దేని నుంచి? సముద్ర మట్టం నుంచి. డ్యాము అడుగు నుంచి కాదు. అక్కడ మీరు సున్నా నుంచి మొదలుపెడితే, ప్రాజెక్టు ఎండినా నిండినా గీత ఒకలాగే చార్టు నెత్తిన అడ్డంగా పడుకుని ఉంటుంది. భద్రాచలంలో అలా కాదు, అక్కడి అడుగులు అక్కడి గేజి సున్నా నుంచి కొలిచినవి, కాబట్టి సున్నా పెడితే అర్థముంది. రెండూ నీటి మట్టాలే, రెండూ అడుగులే, రెండింటి సున్నా వేరు. ఈ తేడా ఏ లైబ్రరీకి తెలుస్తుంది చెప్పండి? అదే శ్రీశైలానికి టీఎంసీల్లో నిల్వ చూపించాలనుకోండి, హాయిగా సున్నా నుంచి 215 చిల్లర దాకా బారు గీయండి. పైగా అది ఎక్కువ నిజం చెప్తుంది, ఎందుకంటే జలాశయం పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. పైన ఒక అడుగు నీళ్ళకీ, కింద ఒక అడుగు నీళ్ళకీ పోలికే లేదు.

సరే, మళ్ళీ భద్రాచలానికి వద్దాం. ట్రాక్టరు దెబ్బ తిన్నాక నేను బుద్ధిగా కూర్చున్నాను. కింద సున్నా. పైన ఎంత? 60 పెట్టాను. మూడో ప్రమాద హెచ్చరిక 53 కదా, పైన ఇంకో ఏడడుగులు వదిలాను, చాలదా అనుకున్నాను. మధ్యలో మూడు హెచ్చరికలకీ, అంటే 43, 48, 53 దగ్గర మూడు అడ్డగీతలు గీశాను. దానికి యానోటేషన్ ప్లగిన్ అని వేరే ఉంటుంది, అది తగిలించుకోవాలి. చాలా బాగుంది. 18 దగ్గర ఎనిమిది అంగుళాలు పెరిగితే గీత కదిలీ కదలనట్టు కదులుతోంది. ఇప్పుడు చూడు మామయ్యా అన్నాను. ఆయన కూడా మెచ్చుకున్నాడు.

2022 జులై. మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. నా చార్టు 60 దగ్గర ఆగిపోయింది.

ఆగిపోవడమంటే ఎలా అనుకున్నారు? మ్యాక్స్ అని గట్టిగా రాసేస్తే లైబ్రరీ దాన్ని శాసనంలా పాటిస్తుంది. గీత 60 దాకా ఎక్కి, చార్టు పై అంచు దాటి మాయమైపోయింది. ఆ పైన గీత లేదు, చుక్క లేదు, వేలు పెడితే అంకె రాదు. చూసేవాడికి ఏమనిపిస్తుంది? సమాచారం ఆగిపోయింది అనిపిస్తుంది. మామయ్యవాళ్ళు అప్పటికే ఊరు ఖాళీ చేసి ఎత్తు మీదకి చేరుకున్నారు, అది నా చార్టు చలవ కాదు, ఊరి అనుభవం చలవ. అక్కడినుంచి ఫోను చేశాడు. "అల్లుడూ, నీ గీత ఆగింది. నీళ్ళు కూడా ఆగాయా?" నేను ఏం చెప్పను?

1986లో అదే చోట 75.6 అడుగులు వచ్చింది. అది రికార్డులో ఉంది. భద్రాచలంలో ఏ పెద్దమనిషిని అడిగినా చెప్తాడు. నేను అడగలేదు. 53కి ఏడు కలిపి 60 అని ఇంట్లో కూర్చుని లెక్కేశాను. యాక్సిస్‌ని లైబ్రరీకి వదిలేయకండి అని ఇందాకటి నుంచి చెప్తున్నాను కదా, దానికి ఇంకో ముక్క తగిలించుకోండి. మీకు తోచిన అంకె కూడా పెట్టకండి. ఆ చోటుకి తెలిసిన అంకె పెట్టండి.

దీనికి మార్గముంది. చార్ట్‌జేఎస్‌లో మిన్, మ్యాక్స్ అని రెండుంటాయి, అవి గట్టివి, అంకె దాటితే కోసేస్తాయి. సజెస్టెడ్ మిన్, సజెస్టెడ్ మ్యాక్స్ అని ఇంకో రెండుంటాయి. అవి మెత్తనివి. మామూలు రోజుల్లో మీరు చెప్పిన చోటే నిలబడతాయి, అంకె దాన్ని దాటిపోతే మాత్రం తామే జరిగి చోటిస్తాయి. ఇప్పుడు నా చార్టులో కింద గట్టి సున్నా, పైన మెత్తని 80. 71 వచ్చినా కనబడుతుంది, 75 వచ్చినా కనబడుతుంది, భగవంతుడి దయ తప్పి 80 దాటినా కనబడుతుంది. హైచార్ట్స్‌లో దీన్నే సాఫ్ట్ మ్యాక్స్ అంటారు. ఈచార్ట్స్ స్వభావం తిరగేసి ఉంటుంది, అంకెల అక్షానికి సున్నాని కలుపుకునే గీస్తుంది, వద్దంటే స్కేల్ ట్రూ అని మనం చెప్పాలి. ప్లాట్లీలో రేంజ్ మోడ్ ఉంటుంది. డీ3లో అయితే లైబ్రరీ మీద నెట్టేయడానికే లేదు, డొమైన్ మీరే రాస్తారు. కానీ అందరూ ఏం చేస్తారు? ఎక్కడో ఉదాహరణలో ఎక్స్‌టెంట్ అని ఉంటే అదే దించేస్తారు. ఎక్స్‌టెంట్ అంటే చిన్నదీ పెద్దదీ ఏరి ఇచ్చేది. మళ్ళీ 18.2, 18.9. మళ్ళీ ట్రాక్టరు.

ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు. మన చార్టులు కాగితం మీద బొమ్మలు కావు కదా, జనం ముట్టుకుంటారు. ఒకే చార్టులో భద్రాచలం, ఇంకో ఊరు, రెండు గీతలు పెట్టారనుకోండి. పైన పేర్ల మీద వేలు పెడితే ఒక గీత దాక్కుంటుంది. దాక్కోగానే లైబ్రరీ ఏం చేస్తుంది? మిగిలిన గీతకి సరిపోయేలా స్కేలు మళ్ళీ లెక్కేస్తుంది. ఒక్క వేలు తాకిడికి, నిమ్మళంగా ఉన్న గీత కొండయిపోతుంది. చూసేవాడు తను ఒక పేరు దాచాననుకుంటాడు, గేజి మార్చేశానని అనుకోడు. మీరు స్కేలు కట్టేసి ఉంచితే ఈ బెడద ఉండదు. జూమ్ పెట్టినా అంతే, పెట్టండి, కానీ మొదటి స్థితికి తెచ్చే బటన్ కళ్ళకి కనబడేలా పక్కనే పెట్టండి.

ఖాళీ గడుల మాట కూడా చెప్పాలి, ఇది కూడా యాక్సిస్‌కే చేటు. రాత్రి రెండింటికి రీడింగు రాలేదు, సిగ్నల్ లేదు. రీడింగులు రాసే షీటులో గడి ఖాళీ. జావాస్క్రిప్టులో ఆ ఖాళీని నంబర్ అనే ఫంక్షనులో వేస్తే ఏమొస్తుంది? సున్నా వస్తుంది! తప్పు అని చెప్పదు, సున్నా ఇస్తుంది. గోదావరి రెండింటికి ఎండిపోయి మూడింటికి మళ్ళీ పారిందన్నమాట. శ్రీశైలం చార్టులో ఇలాంటి సున్నా ఒక్కటి పడితే స్కేలు కూడా సున్నా దాకా దిగిపోయి, మిగతా గీతంతా బల్లపరుపు అయిపోతుంది. రీడింగు లేకపోతే నల్ అని ఇవ్వండి, గీత అక్కడ తెగుతుంది. తెగనివ్వండి. తెలీనిచోట తెలీదని చూపించడంలో తప్పేం లేదు. స్పాన్ గ్యాప్స్ పెట్టి అతికించాలని కొందరికి మహా ఆరాటం, వరదల చార్టుకి మాత్రం వద్దు.

టైము దగ్గర పడుతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. లక్షలు: ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. హైచార్ట్స్‌ని దాని మానాన వదిలితే అంకె పక్కన వేలకో మిలియన్లకో గుర్తు పెడుతుంది. మా మామయ్యకి మిలియనెందుకు? ఫార్మాటరు రాసి 13 లక్షలు అని చూపించండి. చార్ట్‌జేఎస్‌లో లొకేల్ దగ్గర ఇండియా పెడితే కామాలు మన పద్ధతిలో పడతాయి. గంటలు: హైచార్ట్స్ తనంతట తాను యూటీసీ టైము చూపిస్తుంది, పొద్దున్న ఆరింటి రీడింగు అర్ధరాత్రి పన్నెండున్నరకి పడుతుంది, ఐదున్నర గంటల తేడా. తేదీ ఒక్కటే రాసి టైము రాయకపోతే జావాస్క్రిప్టు దాన్ని కూడా యూటీసీగానే తీసుకుంటుంది. మనకిక్కడ తేడా తెలీదు, డాలస్‌లో ఉన్న మీ తమ్ముడికి ముందు రోజు తేదీ కనబడుతుంది. టూల్‌టిప్: ఫోనులో బొటనవేలితో చిన్న చుక్కని కొట్టడం ఎవరివల్లా కాదు, చార్ట్‌జేఎస్‌లో ఇంటరాక్షన్ మోడ్ ఇండెక్స్ పెట్టి ఇంటర్‌సెక్ట్ ఫాల్స్ చేయండి. తెలుగు అక్షరాలు: ఫాంటు దిగకముందే కాన్వాస్ మీద గీసేస్తే తర్వాత దానంతట అది మారదు, ఫాంటు వచ్చేదాకా ఆగి గీయండి. వరసల మధ్య ఎడం పెంచండి, లేకపోతే ఒత్తులు తెగిపోతాయి. పాత చార్టుని డిస్ట్రాయ్ చెయ్యకుండా అదే చోట కొత్తది గీయకండి. వెర్షన్ నంబరు లేకుండా లైబ్రరీని తెచ్చుకోకండి. 2021లో చార్ట్‌జేఎస్ మూడో వెర్షన్ వచ్చినప్పుడు యాక్సిస్ సెట్టింగులు రాసే తీరే మారిపోయింది. పాత తీరులో రాసినవాళ్ళకి చార్టు వచ్చింది, వాళ్ళు కట్టిన స్కేలు మాత్రం ఊడిపోయింది. చూశారా, ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాను.

రంగులు. అడిగారు కాబట్టి ఒక్కమాట. మూడు హెచ్చరిక గీతలకీ ఎరుపు, ఆకుపచ్చ అని పెట్టి ఊరుకోకండి, ఆ రెండూ ఒకలాగే కనబడేవాళ్ళు మనలో ఉన్నారు. గీత పక్కనే మొదటి హెచ్చరిక, 43 అని అక్షరాల్లో రాయండి. రంగు మీ ఇష్టం. యానిమేషన్ గురించి అడిగినవాళ్ళకి, నేను నాది తీసేశాను.

మామయ్య ఇప్పటికీ చూస్తాడు. మొన్న ఫోను చేశాడు. "అల్లుడూ, ఫోను నిలువుగా పట్టుకుంటే మొదటి గీతకి రెండు వేళ్ళ ఎడం ఉంది. అడ్డంగా తిప్పితే ఒక్క వేలే ఉంది. ఏది నమ్మమంటావు?" అని. నిజమే, స్క్రీను తిరిగితే చార్టు కొలత మారుతుంది, అదే పెరుగుదల ఒకచోట నిటారుగా, ఒకచోట వాలుగా కనబడుతుంది. వేళ్ళతో కొలవొద్దు మామయ్యా, గీత పక్కన అంకె చూడు అన్నాను. "ఆ మాటేదో ట్రాక్టరు మాట్లాడకముందు చెప్పాల్సింది" అని ఫోను పెట్టేశాడు.

వచ్చే వారం మ్యాపుల గురించి మాట్లాడుకుందాం.